హుచ్చమ్మవ్వ మూడో పంక్తి

ఏందమ్మా స్ఫూర్తీ, ఏం పుస్తకం అది, అంత లావుగ ఉంది? హిందూ వారసత్వ చట్టమా? పరీక్ష ఉందా? రా రా, ఆ కుర్చీ మీది పేపర్లు కింద పెట్టి కూసో. ఏ సెక్షన్ చదువుతున్నవ్? పదిహేనా! అరెరె, పదిహేనో సెక్షన్‌కు నాకు పుస్తకం అక్కర్లేదు బిడ్డా. అది జొన్నపిండి చేతులతోటి కోర్టు మెట్లెక్కంగ చూసిన నేను. నవ్వకు, నిజం. హుచ్చమ్మవ్వ పేరు విన్నవా ఎప్పుడన్న? యాడ వింటవ్, నువ్వు పుట్టకముందే పొయ్యింది ఆమె. తీన్ కందిల్ కాడ సందుల ఖానావళి నడిపింది, అదే రొట్టెల హోటలు. రాయచూరుల అట్లాంటి జొన్న రొట్టె మళ్ళ నేను తినలే. కాగితమంత పల్చగ చేస్తుండె, పెనం మీద పొంగితే గుమ్మటం లెక్క ఉంటుండె. మొన్న మీ చిన్నమ్మ సుమంగళ కొత్తింట్ల గృహప్రవేశానికి తిన్నం గదా, అవి రొట్టెలా చెప్పులా? ఆమెను అంటలేను, వంటోళ్ళను అంటున్న. దవాఖానల నర్సు పని చేసుకుంట ఒక్కతే ఇల్లు లేపింది, చిన్న మాటా? మీ అమ్మమ్మ సిద్దమ్మను చూసినవా ఆనాడు? గోడలు తట్టి తట్టి చూసుకుంట తిరిగింది, దూడను నిమిరినట్టు. ఏం చెప్తుంటి? ఆఁ, హుచ్చమ్మవ్వ.

సొంతూరు గిల్లేసూగూరు. పేరు విని నవ్వేటోళ్ళు ఉండిరి, కన్నడంల హుచ్చు అంటే పిచ్చి గదా. ఆమెకు ముందు పుట్టినోళ్ళు దక్కలేదంట, ఈ పిల్లనన్న చావు కంటికి ఆనకుండ ఉండాల్నని ఆ పేరు పెట్టిండ్రు. పేరు పని చేసినట్టే ఉంది, ఎనబై దాటినంక పొయ్యింది. మొగుడు మాత్రం తొందరగ పొయ్యిండు. ఉన్నది ఒక్కతే బిడ్డ, మహాదేవి. ఆ పిల్లను దేవదుర్గ అవతల ఒక ఊర్ల కిష్టప్ప అనేటాయనకు ఇచ్చిండ్రు. ఆడ పొసగలే. ఎందుకు పొసగలే అని నన్ను అడగకు, ఆ పిల్ల ఎవరికీ చెప్పలే. ఒకనాడు బస్సు దిగి తల్లి ముందర నిలబడి, "అవ్వా, ఇగ నేను పోను" అన్నది. హుచ్చమ్మ బిడ్డ మొకం చూసింది. "కాళ్ళు కడుక్కో, రొట్టె తిందువు" అన్నది. అంతే, ఆ ఇంట్ల దాని మీద ఇంకో మాట లేదు.

ఆ కాలంల వాళ్ళల్ల ఒక రివాజు ఉంటుండె. రెండు దిక్కుల పెద్దమనుషులు చావడిల కూసుందురు. ఎండిన జొన్న దంటు తెచ్చి నడుమకు విరిచి, ఒక ముక్క మొగుని దిక్కు, ఒక ముక్క పెండ్లాం దిక్కు పారేద్దురు. దంటు పటుక్కుమన్నదంటే పెండ్లి తెగినట్టే. ఇగ ఆయన ఉడికి చేసుకోవచ్చు, ఈమె చేసుకోవచ్చు. ఉడికి అంటే రెండో మనువు, బాజాలు గీజాలు ఉండయి. ఆడోళ్ళకు మాత్రం చావడిల కూసునే హక్కు లేదు, గోడ ఎనక నిలబడి వినాలె. తెంపేది వాళ్ళ బతుకు, వాళ్ళేమో గోడ ఎనక! సరే, దంటు విరిగింది. కిష్టప్ప అదే ఊరి అయ్యమ్మను ఉడికి చేసుకున్నడు. ఈ తల్లీ బిడ్డలు మూట కట్టుకొని రాయచూరు వచ్చిండ్రు. కాగితమా? ఏం కాగితం బిడ్డా? దంటు విరిగినంక కాగితం ఎందుకు? మనోళ్ళకు సర్కారు అంటే రేషన్ కార్డు, కరెంటు బిల్లు. మొగుడు పెండ్లాల ముచ్చట సర్కారుకు చెప్పాల్నని ఎవరికి తోస్తది? గాడనే పడ్డది దెబ్బ.

మొదట వేరేటోళ్ళ ఖానావళిల రొట్టెలు కొట్టిండ్రు. తర్వాత మహాదేవి నెత్తికెత్తుకున్నది, మనమే పెడదామని. మస్తు తెలివి ఆ పిల్లకు, ఎవరితోని గట్టిగ మాట్లాడకుండనే పని చేయించుకుంటుండె. నేను బీఏ చదివేటప్పటి నుంచి ఆడనే తినేటోణ్ణి, తర్వాత మార్కెట్ యార్డుల గుమాస్తా అయినంక గూడ ఆడనే. పెండ్లయినంక గూడ అప్పుడప్పుడు పోయి తిని వస్తుంటి, మీ నానమ్మకు చెప్పకుండ. టేబుళ్ళు కుర్చీలు ఏం లేవు, నేల మీద పంక్తులు. మొదటి పంక్తిల దుకాణదారులు, కోర్టోళ్ళు, వకీళ్ళు. పెనం మీది రొట్టె సక్కగ వాళ్ళ పళ్ళెంలకు. రెండో పంక్తిల మాలాంటి చదువుకునే పోరగాళ్ళు, బస్సు దిగినోళ్ళు. అందరూ లేచినంక మూడో పంక్తి, రొట్టెలు కొట్టే ఆడోళ్ళు, హుచ్చమ్మ, మహాదేవి. అప్పటికి పెనం చల్లారుతుండె, వంకాయ కూర గిన్నె అడుగుకు వస్తుండె. గోకి గోకి తిందురు. ఎవరూ పెట్టిన రూలు గాదు అది, అట్ల నడుస్తుండె. పైస పైస కూడబెట్టి ఖానావళి నడిచే ఆ జాగ కొన్ననాడు మహాదేవి "అవ్వా, నీ పేరు మీద పెడదం" అంటే, హుచ్చమ్మ కసిరింది: "రేపో మాపో పొయ్యేదాన్ని, నా పేరెందుకే? నీ పేరు పెట్టుకో. మళ్ళ మార్పించే తిప్పలు ఉండది." ఏ తల్లయినా అదే అంటది గదా.

తర్వాత ఒక యేడు వానలు పడంగనే మహాదేవికి కామెర్లు వచ్చినయి. ఆకు పసరు తాపిచ్చిండ్రు, దవాఖానకు తోలుకపోయిండ్రు, లాభం లేకపాయె. నలబై ఏండ్లు గూడ నిండలే. హుచ్చమ్మ ఏడిస్తే నేను చూడలే. తెల్లారి ఖానావళి తెరిచింది. రొట్టె కొట్టే చప్పుడు మాత్రం మారింది. ముందు తపతపమంటుండె, అప్పటి సంది దబ్ దబ్‌మనేది, పక్క దుకాణంల సామాన్లు కదులుతుండె.

ఆగు, నీళ్ళు తాగనీ. ఇగ అసలు ముచ్చట ఇప్పుడొస్తది. ఒకనాడు మొదటి పంక్తి కూసున్నప్పుడే హనుమేశ్ అని ఒక పోరడు వచ్చి వాకిట్ల నిలబడ్డడు. కిష్టప్ప అన్న కొడుకు. అప్పటికే కిష్టప్ప పొయ్యిండు, ఆయన అన్న గూడ పొయ్యిండు. ఈ పోరడు బెంగుళూరుల ఇటుకలు మోసి వస్తుండె, చేతులు చూస్తే జాలేస్తది. ఎనక ఒక దళారి. ఆ దళారే చెప్తుండు: "అవ్వా, మహాదేవి ఈయన చిన్నాయన పెండ్లాం. ఆమెకు పిల్లల్లేరు. చట్టం ప్రకారం ఈ జాగ ఈయనది." హుచ్చమ్మకు సగం అర్థమై సగం కాలే. "ఏ పెండ్లాం? దంటు విరిగి ఎన్నేండ్లాయె?" అన్నది. దళారి నవ్విండు. "కోర్టుల దంటు చూపిస్తవా అవ్వా?" అన్నడు. చూపిస్తవా అంట!

కోర్టు నోటీసు వచ్చింది. వీరేశ్ అని కొత్తగ నల్లకోటు తొడిగిన వకీలు, అంతకుముందు మాతోని రెండో పంక్తిల కూసున్నోడే. ఆయన కాడికి నన్ను తోలుకపోయింది హుచ్చమ్మ. "నువ్వు బీఏ గదరా, ఆయన చెప్పేది నాకు చెప్పు" అన్నది. బీఏల నేను చదివింది చరిత్ర, ఆమెకు అన్నీ ఒకటే బీఏ. వీరేశ్ పాపం మెల్లగ చెప్పిండు: "అవ్వా, నీకు తెలిసే లెక్కల్నే చెప్తా. ఆడమనిషి వీలునామా రాయకుండ చనిపోయి, ఆమె సంపాయించింది ఏమన్న ఉంటే, మొదటి పంక్తిల పిల్లలు, మొగుడు. వాళ్ళు లేకుంటే రెండో పంక్తిల మొగుని వారసులు. వాళ్ళల్ల ఎవరూ లేకుంటేనే మూడో పంక్తిల తల్లిదండ్రులు." హుచ్చమ్మ వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నది. "అంటే ఆ పోరడు రెండో పంక్తి, నేను మూడో పంక్తి. వాడు నా బిడ్డ మొకమన్న చూసిండా?" "చూడకున్నా అంతే అవ్వా." "సరే. నా మహాదేవి ఆడపిల్ల గాకుండ మొగపిల్లగాడై పుట్టి, పెండ్లి చేసుకొని, పిల్లల్లేకుండ పోతే?" వీరేశ్ పెన్ను మూత పెట్టుకుంట తీసుకుంట ఉన్నడు. "అప్పుడు నువ్వు మొదటి పంక్తి అవ్వా. పెండ్లాం పక్కన్నే తల్లి." ఇగ చూడు బిడ్డా ఆమెను! లేచి నిలబడ్డది. "కడుపు ఒక్కటే గదరా! మోసిన నెలలు ఒక్కటే, నొప్పులు ఒక్కటే. పిల్లగాడైతే నేను మొదట కూసోవాలె, పిల్ల అయితే మూడోసారి గిన్నె గోకాలె. ఎవడు వడ్డిస్తుండురా ఇది?" ఆ ఆఫీసుల ఉన్నోళ్ళందరూ ఇటే చూస్తుండ్రు. వీరేశ్ తల దించుకున్నడు, చట్టం ఆయనే రాసినట్టు.

ఉన్నది ఒక్కటే దారి. పెండ్లి తెగిందని చూపియ్యాలె. తెగితే మొగుడే లేడు, మొగుని వారసులు యాడికెళ్ళి వస్తరు? రివాజు ప్రకారం తెగినా చట్టం ఒప్పుకుంటది, కాని సాక్ష్యం చెప్పే గవాయి కావాలె. చావడిల కూసున్న మొగోళ్ళందరూ చచ్చిండ్రు. గోడ ఎనక నిలబడ్డ హుచ్చమ్మ ఉంది, కాని జాగ ఆమెదే గదా, ఆమె మాట ఎవరు నమ్ముతరు? అప్పుడు వీరేశ్ హనుమేశ్ దావా కాగితం చదువుకుంట చదువుకుంట ఒక కాడ ఆగిండు. ఆడ ఏముందంటే, మహాదేవి చచ్చేదాక కిష్టప్పకు పెండ్లామే, అయ్యమ్మ అనే ఆమె కిష్టప్ప ఉంచుకున్న మనిషి మాత్రమే. అట్ల రాయకుంటే వాళ్ళ దావా నిలబడది. అయ్యమ్మ అసలైన పెండ్లామైతే, ఇద్దరు పెండ్లాలు చట్టంల కుదరదు గదా, మహాదేవి పెండ్లి తెగినట్టే అయితది. హుచ్చమ్మ వినంగనే చీర కొంగు దోపుకున్నది. "దేవదుర్గ బస్సు యాడ నిలబడతది? పా" అన్నది. రొట్టెలు, పల్లికారం మూటగట్టింది. బోర్డులు చదవనీకె బీఏ కావాలె గదా, నన్ను పక్కన కూసోబెట్టుకున్నది. దారంత ఆమె ఒక్కటే అనుకుంట ఉండె: "సవతిని కన్నతల్లి వచ్చిందని చెప్పుతోని కొడితే కొట్టనీ."

అయ్యమ్మ చేన్ల పత్తి ఏరుతుండె. కిష్టప్ప ఇడిచిపోయిన రెండెకరాలు, ఆమెకు గూడ పిల్లల్లేరు. ఎండిన మనిషి, కండ్లు మాత్రం సూదులే. ఆమె అన్నదంత కన్నడంల, నేను మనబాసల చెప్తున్న. "ఎవరు నువ్వు?" "మహాదేవి తల్లిని." పత్తి ఏరే చెయ్యి ఆగింది. "ఆమె పొయ్యిందని విన్న. దానికి నన్నేం చెయ్యమంటవ్?" "ఏం చెయ్యకు. ఒక్క మాట విను. మీ హనుమేశ్ కోర్టుల రాసిచ్చిండు, నువ్వు కిష్టప్ప పెండ్లానివి గాదంట, ఉంచుకున్నదానివంట." అయ్యమ్మ పత్తి చెట్ల నడుమ నుంచి ఇవతలికి వచ్చింది. "నన్నా?" "నిన్నే." "వాడా?" "వాడే. నువ్వు పెండ్లాం గాకుంటే ఈ రెండెకరాలు గూడ వానివే అయితయి తల్లీ, అది గూడ ఆలోచన చేసుకో." అయ్యమ్మ ఒడిల పత్తి చూసుకున్నది. "వాని తల్లి దండ్రి పనికి పట్నం పోయి ఆర్నెల్లకొకసారి వస్తుండిరి. వాడు నా ఒళ్ళె పెరిగిండు. వానికి తట్టు పోసినప్పుడు మూడు దినాలు కన్ను మూయలే నేను" అన్నది. హుచ్చమ్మ మూట ఇప్పి రొట్టె చేతిల పెట్టింది. ఇద్దరూ గట్టు మీద కూసోని తిన్నరు. తిన్నంక అయ్యమ్మ అడిగింది: "కోర్టు ఎన్నడు?"

ఆనాడు కోర్టుల నువ్వు ఉండాల్సి ఉండె బిడ్డా! పది పుస్తకాలు చదివినా రాదు అది. అయ్యమ్మ బోనుల నిలబడ్డది, కొంగు నెత్తి మీద. అవతలి వకీలు పెద్దమనిషి, బంగారు కండ్లద్దాలు. "నువ్వు ఆ పంచాయితీల కూసున్నవా?" అని అడిగిండు. "మమ్మల్ని యాడ కూసోనిస్తరు అయ్యా? ఈడ మాత్రం కూసోమన్నరా? నిలబడే చెప్తున్న గదా" అన్నది. ఎనక బెంచీల కిసుక్కుమన్నరు, జవాను సైలెన్స్ సైలెన్స్ అని అరుస్తుండు. వకీలుకు మండింది. "దంటు విరిచింది కండ్లార చూసినవా?" "చూడలే. విన్న. ఎండిన జొన్న దంటు విరిగితే గోడ అవతలికి వినబడదా? మా అవ్వ నా చెయ్యి పట్టుకొని నిలబడ్డది. చప్పుడు అయిందాక పిల్లనియ్య అని పట్టు పట్టింది. చప్పుడు విన్నంకనే ఇంటికి పోయి పసుపు కలిపింది." వకీలు ఊరుకోవచ్చు గదా? ఊరుకోలే. "అది పెండ్లి గాదమ్మా, నువ్వు ఊరికె ఆయన ఇంట్ల ఉన్నవ్, అంతేనా?" అన్నడు. అయ్యమ్మ ఆయన దిక్కు చూడనే లేదు. బెంచీ మీద మూలకు కూసున్న హనుమేశ్‌ను చూసింది. "ఏం రా హనుమేశా! నేను నీకు ఎవర్రా?" అన్నది. ఇట్ల, ఇంత గట్టిగ! జడ్జి సాబ్ "అమ్మా, ఇటు చూసి చెప్పు" అంటుండు, ఆమె వింటేనా? "లేచి చెప్పురా, నన్నేమని పిలుస్తవ్?" పోరడు లేచిండు. వకీలు వాని అంగీ పట్టి గుంజుతుండు, కూసో కూసో అని. పోరడు నేల చూసుకుంట అన్నడు, "చిగవ్వ." మనం చిన్నమ్మ అంటం చూడు, ఆ దిక్కు చిగవ్వ అంటరు. "చిగవ్వ ఎట్లయితరా? మీ చిన్నాయన పెండ్లాం గాకుంటే నేను చిగవ్వ ఎట్లయిన?" ఇగో, ఇప్పటికీ చూడు నా చేతి మీద వెంట్రుకలు! హనుమేశ్ ఏడ్చిండు. "నాకు తెల్వదు చిగవ్వా, ఆడ ఏం రాసిండ్రో నాకు తెల్వదు, సంతకం పెట్టమంటే పెట్టిన" అన్నడు. ఆ పెద్ద వకీలు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు, మళ్ళ పెట్టుకున్నడు, మళ్ళ తీసిండు.

మధ్యాహ్నం అందరం ఖానావళికి వచ్చినం. ఆకలి! రోజు లెక్కనే వకీళ్ళు, దుకాణదారులు మొదటి పంక్తికి వస్తుంటే హుచ్చమ్మ వాకిట్ల చేతులు అడ్డం పెట్టింది. "ఆగుండ్రి" అన్నది. అయ్యమ్మను చెయ్యి పట్టి నడుమ కూసోబెట్టింది. రొట్టెలు కొట్టే ఆడోళ్ళను పొయ్యి కాడికెళ్ళి లేపి కూసోబెట్టింది. వాళ్ళు సిగ్గుపడుకుంట ఒకరెనక ఒకరు దాక్కుంటుండ్రు. తర్వాత తనూ కూసున్నది. మరి ఎవరు కొడతరు రొట్టె? ముందే కొట్టి బట్టల చుట్టి పెట్టింది పొద్దున్నే, కోర్టుకు పోకముందే. అంటే ఆమెకు ఎరుకే అన్నట్టు! వడ్డించింది ఎవరనుకున్నవ్? వీరేశ్ వకీలు నల్లకోటు విప్పి వంకాయ కూర, నేను రొట్టెలు. హనుమేశ్ బయట గోడకు ఆనుకొని ఉండె, ఆ దళారి ఎన్నడో మాయం. "ఆకలైతుందిరా?" అన్నది హుచ్చమ్మ. పోరడు తల ఊపిండు. "రా. మూడో పంక్తిల కూసో. వీళ్ళతోని. ఎట్లుంటదో చూడు." బిడ్డా, ఆనాడు ఖానావళిల మూడో పంక్తిల తిన్నం మేం, నేను, వీరేశు, హనుమేశు. గిన్నె గోకి గోకి తిన్నం. నవ్వకు. చల్లారిన రొట్టె గూడ ఆమెది రుచే.

తీర్పు తర్వాత వచ్చింది, హుచ్చమ్మ దిక్కే. వీరేశ్ స్వీటు డబ్బా పట్టుకొని ఉరికొచ్చిండు, "గెలిచినం అవ్వా!" అని. ఆమె పిండి పిసుకుతుండె. "ఏం గెలిచినం రా? నా బిడ్డ పెండ్లి తెగింది కాబట్టి జాగ నిలిచింది. అదే తెగకుండ, మొగుడు చచ్చి తెల్లబట్ట కట్టుకొని నా ఇంట్ల ఉండి సంపాయించి ఉంటే? అప్పుడు ఏ దంటు విరిచేటోనివి నువ్వు?" వీరేశ్ స్వీటు డబ్బా గూట్ల పెట్టిండు. ఆనాటి సంది వీలునామా అంటే ఆమెకు అదొక పట్టింపు. తన ఖానావళి ఆ రొట్టెలు కొట్టే ఆడోళ్ళ పేర్న రాసిచ్చింది. తినడానికి ఏ ఆడమనిషి వచ్చినా, టీచరమ్మ గానీ, బస్టాండుల పండ్లమ్మే ఆమె గానీ, "రాసినవా?" అని అడిగేది. పెండ్లి పిల్లలను గూడ! అత్తగారు పక్కన ఉండంగనే "ఏమే, నీ పేరు మీద ఏమన్న ఉందా? రాసినవా?" అని అడిగేది. అత్తలందరూ సగం రొట్టె ఇడిచి లేచిపోతుండిరి. పిచ్చి హుచ్చమ్మ అని పేరు పడ్డది. పడనీ అన్నది.

అది సరే గాని, నీ చేతిల ఉంది గదా పుస్తకం, చూసి చెప్పు. ఆ సెక్షన్ మార్చిండ్రు గదా ఇప్పుడు? ఇన్నేండ్లాయె... ఏంది? అదే ఉందా? మొగుని వారసులు రెండు, తల్లిదండ్రులు మూడు, అట్లనే ఉందా? మార్చాల్నని పెద్ద కోర్టుల కేసు నడుస్తుందా? నడవనీ, అది ఎన్నడు తెగుతదో. ఆగు ఆగు. మీ చిన్నమ్మ సుమంగళకు పిల్లలు లేరు. మొగుడు పొయ్యిండు. ఆయన తమ్ముళ్ళు ఉన్నరు గదా సింధనూరుల, రైసు మిల్లోళ్ళు, ఈమె బతికిందా చచ్చిందా అని ఒక్కనాడు అడగనోళ్ళు. మీ అమ్మమ్మ ఆ గోడలు తట్టుకుంట తిరుగుతుంది... రాసిందా? సుమంగళ, రాసిందా? అట్ల చూస్తవేంది నన్ను? పుస్తకం పక్కకు పెట్టు. ఫోను తియ్యి. డ్యూటీల ఉంటే ఉండనీ, తియ్యి.